ఈస్టర్‌కి చిన్నపిల్లలతో ఏం చేయించాలి? ఇంట్లో, వీధి కొట్లో దొరికేవాటితోనే

వందనాలు సిస్టర్. మీ సండే స్కూల్ క్లాసులో మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలు ఇరవై మంది దాకా ఉన్నారని, గంటలోపు టైమే ఉంటుందని, వీడియోల్లో చూపించే సామాన్లు మీ ఊళ్ళో దొరకవని, పెద్దగా ఖర్చు లేకుండా ఈస్టర్‌కి ఏం చేయించవచ్చో చెప్పమని అడిగారు. చాలా ఏళ్ళుగా ఈ వయసు పిల్లలకే చెబుతున్నాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

ఏ క్రాఫ్ట్ ఎంచుకునేటప్పుడైనా నేను ముందు చూసేది ఒకటే. పిల్ల దాన్ని ఇంటికి తీసుకెళ్ళి నాయనమ్మకి చూపిస్తూ కథ చెప్పగలగాలి. రంగు కాగితం మీద దూదితో కుందేలు అతికిస్తే ముద్దుగానే ఉంటుంది, కానీ దాన్ని పట్టుకుని నాలుగేళ్ళ పిల్ల చెప్పేదేమీ ఉండదు. అదే ఒక రాయిని పక్కకి దొర్లించేదో, ఒక పెట్టెను తెరిచేదో అయితే నోరు దానంతటదే విప్పుకుంటుంది. అందుకే తెరవగలిగేవి, దొర్లేవి, మొలిచేవి ఎంచుకోండి. గోడకి అతికించి చూసేవి తర్వాత.

ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. పని పిల్లలదే అయ్యుండాలి. వాట్సాప్ గ్రూపులో ఫొటో బాగా రావాలని టీచర్లు, అమ్మలు చివర్లో అన్నీ సరిచేసేస్తుంటారు. మూడేళ్ళ వాడు అతికించిన సిలువ వంకరగానే ఉంటుంది. దాన్ని అలాగే ఉంచండి. వాడి కళ్ళ ముందే పీకి తిన్నగా అతికిస్తే అది ఇక వాడిది కాదు, ఇంటికెళ్ళి దాన్ని ఎవరికీ చూపించడు కూడా.

మీకు నేను గట్టిగా చెప్పేది తోట గురించి. ఖాళీ సమాధి ఉన్న చిన్న తోట. యేసును పెట్టిన సమాధి ఒక తోటలో ఉందని యోహాను సువార్త 19వ అధ్యాయంలో ఉంది. ఆదివారం తెల్లవారుజామున మగ్దలేనే మరియ యేసును చూసి తోటమాలి అనుకుందని ఆ తర్వాతి అధ్యాయంలో ఉంది. పిల్లలకి ఈ తోట అనే మాట చాలా నచ్చుతుంది. సమాధి అంటే భయపడే పిల్లలు కూడా తోట అనేసరికి దగ్గరికొస్తారు.

దీన్ని మట్టల ఆదివారం (ఈస్టర్‌కి ముందటి ఆదివారం) నాడు మొదలుపెట్టి ఈస్టర్ నాటికి పచ్చగా అయ్యేట్టు చూసుకోవాలి. 2026లో అయితే మార్చి 29న విత్తితే ఏప్రిల్ 5కి పచ్చబడుతుంది. 2027లో ఈస్టర్ మార్చి 28నే వస్తుంది కాబట్టి మార్చి 21న విత్తాలి. కావాల్సింది గోధుమలు. పిల్లకి ఒక గుప్పెడు చాలు, క్లాసంతటికీ కిలో తీసుకుంటే ఇంకా మిగులుతాయి. కిరాణా కొట్లో దొరికే మామూలు గోధుమలే తీసుకోండి, పురుగు పట్టినవి కాకుండా చూసుకోండి. శనివారం రాత్రి నానబెట్టి, ఆదివారం పొద్దున నీళ్ళు వంపేసి తీసుకెళ్ళండి. మెంతులు, ఆవాలు కూడా మొలుస్తాయి గానీ గోధుమకి ఒక ప్రత్యేకత ఉంది. గోధుమ గింజ భూమిలో పడి చస్తేనే విస్తారంగా ఫలిస్తుందని ప్రభువు తన మరణం గురించి చెప్పిన మాట యోహాను 12:24లో ఉంది కదా. వారం తర్వాత ఒక మొక్కను మెల్లగా పీకి వేరు దగ్గర చూపించండి. గింజ లోపలిదంతా అయిపోయి పైపొట్టు మాత్రమే మెత్తగా మిగిలి ఉంటుంది. మీరు అరగంట మాట్లాడి చెప్పలేనిది అక్కడ వాళ్ళకి అర్థమవుతుంది.

తోటకి పళ్ళెంగా కర్రీ పాయింట్ నుంచి కూరలొచ్చే ప్లాస్టిక్ డబ్బాలు సరిగ్గా సరిపోతాయి. రెండు వారాల ముందే తల్లిదండ్రులకి చెప్పి కడిగి పంపమనండి. అడుగున నాలుగు చిల్లులు మీరే ఇంటి దగ్గర పెట్టేయండి, వేడి చేసిన మేకుతో క్షణంలో పడతాయి. క్లాసులో ఆ పని వద్దు. సమాధి గుహకి మట్టి టీ కప్పు అయితే బాగుంటుంది, ఈమధ్య చాలా టీ కొట్లలో వాటిలోనే ఇస్తున్నారు. దొరకకపోతే పేపరు కప్పు పెట్టండి, కాకపోతే తడికి మెత్తబడుతుంది కాబట్టి పైన మట్టి బాగా మెత్తాలి. కప్పును పక్కకి పడుకోబెట్టి, సగం పైగా మట్టిలో కూరి, మూతి బయటికి కనిపించేలా ఉంచాలి. మట్టి నింపడం, కప్పు చుట్టూ నొక్కడం, గోధుమలు చల్లడం, పైన పల్చగా ఇంకో పొర మట్టి వేయడం, ఇవన్నీ పిల్లలే చేసుకుంటారు. మట్టిలో కొబ్బరి పొట్టు కలిపితే నీళ్ళు నిలవకుండా ఉంటాయి, డబ్బా బరువు కూడా తగ్గుతుంది. చిన్నవాళ్ళు ఇంటిదాకా మోసుకెళ్ళాలి కదా.

రాయి మాత్రం మీరు తేవద్దు. ముందు వారమే చెప్పండి, కప్పు మూతికి అడ్డం పెట్టేంత రాయి వెతుక్కురమ్మని. ఆ వారమంతా పిల్లలు రోడ్డు మీద ప్రతి రాయినీ చూస్తూ నడుస్తారు. మూతి కన్నా చిన్నది తెస్తే పనికిరాదు కాబట్టి మీ దగ్గర నాలుగైదు ఉంచుకోండి.

విత్తాక రెండు రోజులు పైన తడిగుడ్డ కప్పి నీడలో పెట్టమనండి. తర్వాత గుడ్డ తీసేసి వెలుతురు తగిలే చోట ఉంచి, పొద్దున సాయంత్రం చేత్తో నీళ్ళు చిలకరిస్తే చాలు. మిట్టమధ్యాహ్నం ఎండలో పెడితే ఏప్రిల్‌లో మాడిపోతాయి. నీళ్ళు మరీ ఎక్కువైతే తెల్లటి బూజు పడుతుంది. మూడో రోజుకి సూదిమొనలాంటి మొలకలు పైకొస్తాయి, వారానికి బెత్తెడు గడ్డి అవుతుంది. పొద్దున్నే చూస్తే ప్రతి గడ్డిపోచ కొసనా ఒక నీటి బొట్టు నిలబడి ఉంటుంది. మంచు కాదది, వేరు పీల్చిన నీళ్ళే కొస దాకా వచ్చి బొట్టుగా నిలుస్తాయి. పిల్లల్ని పొద్దున్నే లేపి అది చూపించమని అమ్మలకి చెప్పండి.

శుక్రవారం సాయంత్రం పిల్లలు ఒక చిన్న తెల్లగుడ్డ ముక్కను మడిచి గుహలో పెట్టి రాయి అడ్డం పెడతారు. ఆదివారం పొద్దున రాయి దొర్లిస్తారు. లోపల గుడ్డ అలాగే ఉంటుంది. కొందరు గుడ్డలో చిన్న బొమ్మను చుట్టి పెట్టించి, శనివారం రాత్రి పిల్లలు నిద్రపోయాక అమ్మ దాన్ని తీసేయాలని చెబుతారు. అది వద్దు సిస్టర్. పొద్దున లేచిన పిల్ల అడిగే మొదటి ప్రశ్న ‘బొమ్మ ఎవరు తీశారు?’ అని. సమాధి దగ్గరి కావలివాళ్ళకి డబ్బిచ్చి శిష్యులు ఎత్తుకుపోయారని చెప్పించిన సంగతి మత్తయి 28వ అధ్యాయంలో ఉంది. తెలియకుండానే మనం పిల్లల మనసులో అదే మాట వేసినట్టవుతుంది. గుడ్డ ఒక్కటే పెట్టించండి. సువార్తలో కూడా లోపల మిగిలింది నారబట్టలే.

ఇక అగ్గిపెట్టె. వారం ముందు నుంచి మొదలుపెట్టే వీలు లేనివాళ్ళకి ఇది బాగుంటుంది, ఒక్క క్లాసులోనే అయిపోతుంది. చిన్న అగ్గిపెట్టెలు పది ఉన్న ప్యాకెట్లు మూడు తీసుకుని, పుల్లలన్నీ ఇంట్లో ఒక డబ్బాలో పోసి ఖాళీ పెట్టెలు మాత్రమే తీసుకెళ్ళండి. పైపెట్టె చుట్టూ బూడిదరంగు కాగితం, పుల్ల గీసే పక్కలు కూడా కనిపించకుండా. లోపలి అర అడుగున చాక్లెట్ కాగితాల బంగారు రంగు రేకు. పెట్టె మూసి ఉంటే రాయిలా కనిపిస్తుంది, వేలితో నెడితే లోపల ఖాళీ, మెరుపు. మూడేళ్ళ పిల్ల కూడా చేయగలిగిన పని ఇది, ఎందుకంటే కాగితాలు మీరు కొలతకి కత్తిరించి తెస్తారు, తను అతికించడమే. జిగురు తక్కువ రాయించండి. ఫెవికాల్ లోపలికి కారితే అర బిగుసుకుపోయి తెరుచుకోదు. అతికించాక అరను బయటికి తీసి విడిగా ఆరబెడితే ఆ ఇబ్బంది రాదు.

మీ కోసం మాత్రం ఒక ఆరు పెట్టెల సెట్టు చేసుకోండి, కథ చెప్పడానికి. మొదటిదాంట్లో మట్టల ఆదివారం నాటి ఆకు ముక్క, రెండోదాంట్లో రొట్టెలా కత్తిరించిన గోధుమరంగు అట్టముక్క (నిజం రొట్టె పెడితే చీమలు పడతాయి), మూడోదాంట్లో ఇస్కరియోతు యూదాకిచ్చిన ముప్పై వెండి నాణేలకి గుర్తుగా ఒక రూపాయి బిళ్ళ, నాలుగోదాంట్లో రెండు పుల్లల్ని దారంతో కట్టిన సిలువ, అయిదోదాంట్లో చిన్న రాయి, ఆరోది ఖాళీ. పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి ఒక్కో పెట్టె తెరిపించండి. ఆరోది తెరిచి ‘ఏం లేదు టీచర్’ అని పిల్ల అన్నప్పుడు మీరు ఒక్క క్షణం ఆగి, ఎందుకు లేదో వాళ్ళనే చెప్పమనండి. మూడేళ్ళలోపు తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ క్లాసులో కూర్చుంటారు కదా, ఆ బిళ్ళ, రాయి వాళ్ళ చేతికి అందనివ్వకండి. నోట్లో పెట్టుకుంటారు.

గుడ్ల గురించి కూడా అడిగారు. ముందు మీ పాస్టరుగారిని అడగండి. గుడ్లు, కుందేళ్ళు వాక్యంలో లేవు కాబట్టి వద్దనే సంఘాలు మన దగ్గర చాలా ఉన్నాయి, ఆ మాటను గౌరవించాలి. గుడ్డు లేకపోయినా ఈస్టర్‌కి ఏ లోటూ లేదు. అయితే ఇది కొట్లవాళ్ళు పుట్టించిన ఆచారం మాత్రం కాదు. మధ్యయుగాల్లో యూరప్‌లో నలభై రోజుల ఉపవాస కాలంలో గుడ్లు కూడా తినేవాళ్ళు కాదు, కోళ్ళు మాత్రం పెడుతూనే ఉండేవి, అలా పోగైన గుడ్లు పండుగ రోజుకి వచ్చేవి. తూర్పు దేశాల ఆర్థడాక్స్ సంఘాల్లో క్రీస్తు రక్తానికి గుర్తుగా ఎర్రరంగు వేస్తారు. ఉక్రెయిన్‌లో మైనంతో గీసి రంగులద్దే పీసంకా అనే గుడ్ల కళను యునెస్కో 2024లో వారసత్వ జాబితాలో చేర్చింది. పెంకును సమాధిగా, పగలగొట్టుకుని బయటికొచ్చే కోడిపిల్లను కొత్త జీవంగా చెప్పడం పాతకాలం నుంచీ ఉన్నదే.

పాస్టరుగారు సరే అంటే కొట్లో దొరికే రంగులు కొనకండి, వంటింట్లోనే ఉన్నాయి. మన దగ్గర ఫారం గుడ్లు ఎక్కువగా తెల్లవే కాబట్టి రంగు బాగా పడుతుంది. అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఇది చదువుతుంటే, గోధుమరంగు గుడ్లు కాకుండా తెల్లవి తెచ్చుకోండి. ఉల్లిపొట్టు నాలుగైదు గుప్పెళ్ళు అర లీటరు నీళ్ళలో ఇరవై నిమిషాలు మరిగించి వడకట్టి చల్లార్చండి. రెండు చెంచాల వెనిగర్ కలపండి. పులుపుకి పెంకు పైపొర కొంచెం కరిగి రంగు పట్టుకుంటుంది. అందులోనే గుడ్లు వేసి పది పన్నెండు నిమిషాలు ఉడికిస్తే ఇటుకరంగు నుంచి ముదురు ఎరుపు దాకా వస్తుంది. పసుపుతో పసుపు రంగు. బీట్‌రూట్ రసం మాత్రం చల్లగా ఉన్నప్పుడే వాడండి, గుడ్డుతో కలిపి మరిగిస్తే గులాబీ రంగు పోయి మట్టిరంగులోకి దిగుతుంది. ఎర్ర క్యాబేజీ రసంలో ఉడికించిన గుడ్డు వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే తెల్లారేసరికి నీలం. ఊదారంగు నీళ్ళలోంచి నీలం గుడ్డు బయటికి రావడం పిల్లలకి పెద్ద వింత.

ఇందులో పిల్లల చేతిపని ఆకు అచ్చు. కొత్తిమీర ఆకు ఒకటి తడిపి పచ్చి గుడ్డు మీద పరిచి వేలితో నొక్కితే అతుక్కుంటుంది. దాని మీద పాత నైలాన్ చున్నీ ముక్క బిగుతుగా చుట్టి వెనక దారం కట్టాలి, ఇది పెద్దవాళ్ళ పని. అలాగే ఉల్లిపొట్టు నీళ్ళలో ఉడికించి, చల్లారాక విప్పితే ఎర్రటి గుడ్డు మీద కొత్తిమీర ఆకు తెల్లగా, దాని పళ్ళతో సహా అచ్చు పడి ఉంటుంది. కట్టు వదులైతే రంగు కిందికి పాకి బొమ్మ చెదురుతుంది. చర్చిలో పొయ్యి దగ్గర పిల్లల్ని పెట్టుకోవద్దు. ఆకు అతికించడం శనివారం సాయంత్రం, ఉడికించడం మీ ఇంట్లో, విప్పడం ఆదివారం పొద్దున క్లాసులో. విప్పే పని తప్పకుండా పిల్లలకే ఇవ్వండి. మన ఎండలకి ఉడికిన గుడ్లు గంట కన్నా ఎక్కువసేపు బయట ఉంచితే తినడానికి పనికిరావు, కాబట్టి రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి క్లాసు టైముకే బయటికి తీయండి. వాసన తేడాగా ఉన్నా, పగిలినా పారేయడమే.

క్లాసంతా కలిసి ఒక్కటే చేసేది కావాలంటే పూల సిలువ. పాశ్చాత్య దేశాల్లో చెక్క సిలువకి ఇనుప వల చుట్టి అందులో పూలు గుచ్చుతారు. మనకి అరటి బోదె ఉంది, వల అక్కర్లేదు. మూడడుగుల ముక్క ఒకటి, అడుగున్నరది ఒకటి తీసుకుని, పై పొరలు ఒలిచి, వెదురు పుల్లలు గుచ్చి పురికొసతో బిగించి కడితే సిలువ. గుడ్ ఫ్రైడే నాడు అది బోసిగా నిలబడి ఉంటుంది. ఈస్టర్ పొద్దున ఒక్కో పిల్లా ఒక పూవు తెచ్చి గుచ్చుతుంది. బోదెలో తడి ఉంటుంది కాబట్టి పూలు ఆరాధన అయ్యేదాకా వాడవు. చిన్నవాళ్ళ కోసం మీరు ముందే పుల్లతో చిల్లులు చేసి ఉంచండి, పూవుకి అంగుళం కాడ ఉంచమని చెప్పండి. బోదె బరువుగా ఉంటుంది, గోడకి ఆనించి అడుగున ఇటుకలు పెట్టండి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. అరటి జిగురు బట్టకి తగిలితే ఆ మరక మళ్ళీ పోదు. ఈస్టర్‌కి పిల్లలంతా తెల్లబట్టల్లో వస్తారు. బోదె శుక్రవారానికి ముందే కోసి, కోసిన చివర్లకి కాగితం చుట్టి కట్టేయండి, ఆదివారం పిల్లలకి పాత తువ్వాలు కట్టి పంపండి. రెండోది, పూలు ఏవి తేవాలో పేర్లు చెప్పి మరీ చెప్పండి. చామంతి, బంతి, నూరువరహాలు, మందారం మంచివి. కాగితం పూలకి ముళ్ళుంటాయి కాబట్టి పూలు మాత్రం కోసుకురమ్మనాలి. గన్నేరు వద్దే వద్దు, అది పచ్చగన్నేరైనా ఎర్రగన్నేరైనా మొక్కంతా విషం. జిల్లేడు పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. వీధిలో సులువుగా దొరికే పూలు ఇవే కాబట్టి పిల్లలు వీటినే కోసుకొస్తారు.

సీతాకోకచిలుక చాలా సులువు, పది నిమిషాల పని. కిచెన్ రోల్ కాగితం మీద స్కెచ్ పెన్నులతో చుక్కలు పెట్టించి, వేళ్ళతో నీళ్ళు చిలకరిస్తే రంగులు పాకి కలిసిపోతాయి. ఫ్యాను కింద ఆరాక మధ్యలో కుచ్చులా పట్టి బట్టల క్లిప్పు పెడితే అయిపోయింది. చేతి ముద్రతో లిల్లీ పూలు చేయిస్తారు కానీ కత్తిరించడమంతా టీచరు మీదే పడుతుంది, ఇరవై మందికి మీ వల్ల కాదు, వదిలేయండి.

మైదా పిండి సిలువలు అయిదేళ్ళు పైబడినవాళ్ళకి బాగుంటాయి. రెండు కప్పుల మైదా, ఒక కప్పు ఉప్పు, కప్పుకి కొంచెం తక్కువ నీళ్ళు. ఓవెన్ అక్కర్లేదు, మన ఎండలో రెండు మూడు రోజులు అటూ ఇటూ తిప్పి ఆరబెడితే గట్టిపడతాయి. సముద్రం దగ్గరి ఊళ్ళలో మాత్రం ఉప్పు గాలిలో తేమ పీల్చుకుని మెత్తబడుతుంది, ఆరాక పైన ఫెవికాల్ పూత వేయండి. ఆ పిండి తినకూడదని పిల్లలకి గట్టిగా చెప్పాలి, అంత ఉప్పు లోపలికి పోతే వాంతులవుతాయి.

మేకులు, నిజం ముళ్ళతో కిరీటం, ఎర్రరంగుతో రక్తం, ఇవి ఆరేళ్ళ లోపు వాళ్ళతో చేయించకండి. కథలో ఆ సంగతి దాచమని కాదు, యేసును సిలువ వేశారని, చనిపోయాడని స్పష్టంగానే చెప్పండి. కానీ చేతులతో అదే పదే పదే చేయిస్తే ఇంటికెళ్ళి నిద్రలో ఉలిక్కిపడే పిల్లలుంటారు, తల్లులు వచ్చి చెప్పారు కూడా. ముళ్ళ కిరీటం ఎనిమిదేళ్ళవాళ్ళకి చేయించవచ్చు.

మీరు క్యాథలిక్ విచారణలో (పారిష్‌లో) చెబుతుంటే, మట్టల ఆదివారం దీవించిన మట్టలతో సిలువలు అల్లించే ముందు ఫాదర్‌గారిని అడగండి. వాటిని పారేయకూడదు, దాచి మరుసటి సంవత్సరం బూడిద బుధవారానికి (ఉపవాస కాలం మొదలయ్యే రోజుకి) కాలుస్తారు. దీవించనివి వేరుగా కొన్ని తెప్పించుకుంటే పిల్లలు చింపినా ఇబ్బంది లేదు.

కార్డుల్లాంటివి చేయించాలనుకుంటే చార్టులు కొనకండి. ప్రతి ఇంట్లో పాత శుభలేఖలు ఉంటాయి, అంత మందం అట్ట షాపులో కొంటే ఎంతవుతుందో మీకు తెలుసు. పేర్లున్న వైపు లోపలికి మడిచి అతికించేయండి.

ఇరవై మందితో ఒక్కరే చేయించాలంటే టెన్షన్ తప్పదు. మూడు నాలుగేళ్ళవాళ్ళను ఒక పక్క, అయిదారేళ్ళవాళ్ళను ఇంకో పక్క కూర్చోబెట్టి, యవ్వనస్థుల్లో ఇద్దరిని సాయానికి పిలవండి. ముందు కథ, తర్వాత పని. సామాన్లు కథ అయ్యేదాకా బల్ల మీద పెట్టకండి, పెడితే కథ ఎవరూ వినరు. ప్రతి పిల్ల సామాన్లూ ఒక్కో కవర్లో పేరు రాసి ఉంచితే సగం గొడవ ఉండదు. లెక్కలో లేని పిల్లల కోసం రెండు మూడు కవర్లు ఎక్కువ ఉంచండి, పండుగ రోజు చుట్టాల పిల్లలు కూడా వస్తారు.

ఈసారికి తోట, అగ్గిపెట్టె ఈ రెండే పెట్టుకోండి. పూల సిలువకి సంఘ పెద్దలు ఒప్పుకుంటే అది అదనం. గోధుమలు బూజు పట్టినా, మొలవకపోయినా ఇక్కడ రాయండి, మట్టి ఎలాంటిదో, ఎక్కడ పెట్టారో చెబితే ఏం చేయాలో చెబుతాను. మొలవని పిల్లల కోసం మీ ఇంట్లో ఒక పెద్ద పళ్ళెంలో విడిగా గోధుమగడ్డి పెంచి ఉంచండి, శనివారం నాడు ముక్కలుగా కోసి వాళ్ళ డబ్బాల్లో పెట్టేయవచ్చు.